దిగువవంక మడుగు

నమోదు 3,114. 2091 జనవరి 9

పొద్దున ఆరుకు బయటి గొట్టం దగ్గర మీటరు చూశాను. నిన్న ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయిన నీళ్ళు తొంభై వేల లీటర్లు. ఎనిమిదిన్నరేళ్ళ కింద నేను నీటి విభాగంలో చేరిన రోజు ఇదే మీటరు ఆరు లక్షలు చూపించింది.

ఎద్దులకొండ గాజు ఫ్యాక్టరీ పని పాత సోలార్ పలకలను తెచ్చి, కడిగి, పొడిచేసి, కరిగించి కొత్త పలకలకు గాజు పోయడం. కడగడానికే నీళ్ళు ఎక్కువ పడతాయి. ఆ నీటిని మళ్ళీ మళ్ళీ వడకట్టి వాడుకోవడం నా పని. ఈ నీటి పుస్తకం రాయడం కూడా నాదే. ఇందులో ఒకసారి ఎక్కించినది చెరపడానికి వీల్లేదు. అదే క్షణంలో జిల్లా కార్యాలయానికి పోతుంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ఈ ఏడాది మార్చి 31లోపు బయటికి పోయే నీరు సున్నా కావాలి. అయితేనే మా బరువు పత్రం కొత్తది వస్తుంది. గాలికి, నీటికి, నేలకు మా వల్ల పడుతున్న బరువు ఎంతో చెప్పే కాగితం అది. అది లేనిదే రెండు కొలుముల్లో ఏదీ మండకూడదు. పదకొండు వందల మందిమి పనిచేస్తున్నాం.

వడకట్టగా మిగిలిన ఉప్పు పేరుకునే గది గోకించాను. నాలుగు బస్తాలు వచ్చింది. మూడో వడపోత మార్చాలి.

నమోదు 3,142. ఫిబ్రవరి 6

బయటికి పోయినవి యాభై రెండు వేల లీటర్లు.

దిగువవంక నుంచి చౌడప్ప వచ్చాడు. మా గొట్టం నుంచి పోయే నీళ్ళు కాలువలో కిలోమీటరు పారి ఆ ఊరి మడుగులో చేరతాయి. మడుగంతా జమ్ము. నలభై ఇళ్ళవాళ్ళు ఆ జమ్ము కోసి చాపలు, దడులు, ఎండ తెరలు అల్లుతారు. మన జిల్లా రోడ్ల మీద నీడకు కట్టిన తెరల్లో సగం వాళ్ళు అల్లినవే. చౌడప్పకు డెబ్బై ఎనిమిదేళ్ళు, ఊరి తరఫున ఏదున్నా ఆయనే మాట్లాడతాడు.

మడుగు అంచుల్లో జమ్ము పసుపెక్కిందని చెప్పాడు. రోజుకు కాసిని నీళ్ళు విడవమని అడిగాడు. చట్టం ఒప్పుకోదని చెప్పాను. మార్చి తర్వాత చుక్క కూడా రాదని, ఆ మాట పోయిన ఏడాదే ఊరికి కాగితం పంపామని చెప్పాను. కాగితం అందిందన్నాడు.

లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"ముప్పైనాలుగేళ్ళ కింద ఈ గేటు ముందరే కూర్చుంటి పాపా. అప్పుడు మీ నీళ్ళు నల్లగ వస్తాండె. నావి మూడు ఎనుములు సచ్చిపాయ. గొట్టం మూయండని పదిరోజులు కూర్చుంటిమి, మూయలేదు. ఇప్పుడేమో వద్దన్నా మూస్తాండారు."

టీ తెప్పించాను, తాగి వెళ్ళాడు. నిజానికి ఆయన మీద కాస్త చిరాకు కూడా వేసింది. నేను ఎనిమిదేళ్ళు చేసిన పనిని ఆయన తన మీద కక్షలాగా చెప్పాడు.

నమోదు 3,195. మార్చి 31

సున్నా.

పదిన్నరకు, ఎండకు పని ఆపమనే సైరన్ మోగకముందే, అందరం గొట్టం దగ్గర చేరాం. మేనేజరు తిలోత్తమ మేడం వాల్వు చక్రం నన్నే తిప్పమన్నారు. తిప్పాను. గొట్టం అంచున ఒక ధార ఆగి, చుక్కలై, అవీ ఆగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన దస్తగిరి కోత విభాగంలో పనిచేస్తాడు. ఆయన మనుషుల్ని తోసుకుని ముందుకొచ్చి ఫొటో తీశాడు. మా పెళ్ళిలో కూడా నేనంత నవ్వలేదట.

రాష్ట్రంలో సున్నాకు వచ్చిన గాజు ఫ్యాక్టరీల్లో మాది రెండోది. మే 2న జిల్లా కార్యాలయం నుంచి అధికారి వచ్చి చూసి పత్రం ఇస్తాడు.

నమోదు 3,206. ఏప్రిల్ 11 (ఆలస్యంగా చేర్చినది)

ఈ నమోదునూ దీని తర్వాతి నాలుగింటినీ అప్పుడు కాగితం మీద రాసుకున్నాను. పుస్తకంలోకి ఎక్కించింది 22న. ఎందుకో ఆ రోజు నమోదులో ఉంది.

గాజును చల్లార్చే ఫ్యాన్ల గాలి వడపోతలు నెలకొకసారి మార్చేవి. ఈ నెలలో పదకొండో తేదీకే రెండుసార్లు పూడుకున్నాయి. దులిపితే బూడిద రంగు దుమ్ము, ముఖానికి వేసుకునే పౌడరంత మెత్తన. మా సొంత గాజు పొడే అనుకుని, ఎక్కడో మూత ఊడిందని ప్లాంటంతా తిరిగాను. మూతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక చెంచాడు దుమ్ము పరీక్ష పెట్టెలో వేశాను. గాజు పదోవంతు కూడా లేదు. ఉన్నది మట్టి. ఆ మట్టిలో సీసం.

ఇప్పుడు వచ్చే పలకల్లో సీసం ముందే ఊడదీస్తాం. దుమ్ములోకి ఎక్కడినుంచి వస్తుంది? గాలి వారం నుంచి పడమటి నుంచి వీస్తోంది. పడమట ఉన్నది దిగువవంక.

నమోదు 3,209. ఏప్రిల్ 14 (ఆలస్యంగా చేర్చినది)

తెల్లవారగానే మడుగుకు నడిచి వెళ్ళాను. కాలువ ఎండి తెల్లగా ఉంది. మడుగులో జమ్ము మొత్తం పడిపోయింది. అడుగున మట్టి పలకలు పలకలుగా పగిలి అంచులు పైకి లేచాయి. అడుగు వేస్తే విరిగి పొడవుతున్నాయి. మధ్యలో మేకలు పడుకుని ఉన్నాయి. పిల్లలు ఆ మట్టి పలకలు ఏరి గూళ్ళు కట్టి ఆడుకుంటున్నారు.

మూడు చోట్ల, మూడు లోతుల్లో మట్టి తీశాను. పైన జానెడు బాగానే ఉంది. దాని కింది నల్ల పొరలో, కిలో మట్టికి రెండు వేల తొమ్మిది వందల మిల్లీగ్రాముల సీసం. నాలుగు వందలు దాటకూడదు.

పాత రికార్డులు తీసి చూశాను. ఫ్యాక్టరీ పెట్టిన మొదటి పద్నాలుగేళ్ళు పలకలను సీసం అతుకులతో సహా కడిగి, నీళ్ళు అట్లాగే వదిలారు. అదంతా మడుగులో దిగింది. తర్వాత శుద్ధి యంత్రాలు వచ్చాయి, మంచి నీళ్ళు పోయాయి, జమ్ము మొలిచింది. వేర్లూ నీళ్ళూ కలిసి ఆ విషాన్ని అడుగున తొక్కిపెట్టి ఉంచాయి.

నేను నీళ్ళు ఆపాను. పైపొర పగిలి కింది నల్లమట్టి బయటపడింది. ఇప్పుడది గాలికి లేస్తోంది.

నమోదు 3,212. ఏప్రిల్ 17 (ఆలస్యంగా చేర్చినది)

దిగువవంక ఆరోగ్య కార్యకర్త పేరు ఎస్తేరు. ఆమెతో కలిసి పదకొండు మంది పిల్లల రక్తంలో సీసం చూశాం. వేలు గుచ్చి పట్టీ మీద చుక్క వేస్తే చాలు, నిమిషంలో అంకె వస్తుంది. ఐదు లోపు ఉండాలి. అందరికంటే తక్కువ వచ్చిన అబ్బాయికి పన్నెండు. చౌడప్ప మనవరాలు సుంకులుకు ఇరవై ఏడు. ఆ పాపకు ఆరేళ్ళు. మడుగులో గూళ్ళు కట్టే పిల్లల్లో ముందుండేది తనే అని వాళ్ళమ్మ చెప్పింది. కొన్నాళ్ళుగా కడుపునొప్పి అంటోందట, బడికి పోనని ఎగ్గొట్టడానికేమో అనుకున్నారట.

మడుగు వైపు ఎవరినీ పోనీయొద్దని, ఇళ్ళు తడిగుడ్డతోనే తుడవాలని, పిల్లల చేతులు గంటకోసారి కడగాలని ఎస్తేరు ఇంటింటికీ చెప్పింది. దుమ్మును గడప దగ్గర ఆపడం ఎవరి తరమూ కాదు. అది ఆమెకూ తెలుసు.

చౌడప్ప ఆ అంకె కాగితం మీద పెద్దగా రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నమోదు 3,213. ఏప్రిల్ 18 (ఆలస్యంగా చేర్చినది)

తిలోత్తమ మేడానికి అన్నీ చూపించాను. పుస్తకంలో ఎక్కించే ముందు ఆమెకు చెప్పడం మర్యాద అనిపించింది. ఆమె కాగితాలు రెండుసార్లు చదివారు. మడుగు మన కాంపౌండు బయట ఉంది కదా అన్నారు. పత్రం గొట్టంలోంచి వచ్చేదాన్నే లెక్కపెడుతుందని, ఆ లెక్కన మనం సున్నా అని, అది అబద్ధం కాదని అన్నారు. అది నిజమే.

నేను ఇది ఎక్కిస్తే అధికారి పత్రం ఆపుతాడు. పత్రం ఆగితే కొలుములు చల్లబడతాయి. గాజు కొలుమి ఒకసారి చల్లారితే లోపలి గాజు రాయై ఇటుకలను చీలుస్తుంది. మళ్ళీ కట్టడానికి ఏడాదిన్నర పడుతుంది. అదంతా ఆమె నాకు చెప్పాల్సిన పనిలేదు, అయినా చెప్పారు.

మే 2 దాటాక మడుగు సంగతి కంపెనీయే చూసుకుంటుందని మాటిచ్చారు. రెండు వారాలే కదా అన్నారు. రెండు వారాలు పిల్లలు ఆ గాలే పీలుస్తారని నేనన్నాను. ఆమె కిటికీ వైపు చూశారు.

"నాలుగు రోజులు ఇవ్వండి రమిజ గారూ. పైవాళ్ళతో మాట్లాడి చూస్తాను."

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందని ఇప్పుడు, పుస్తకంలో ఎక్కిస్తుంటే, అనిపిస్తోంది.

నమోదు 3,215. ఏప్రిల్ 20 (ఆలస్యంగా చేర్చినది)

దస్తగిరికి చెప్పాను. కోత విభాగం మూతపడితే తనలాంటివాళ్ళు రెండు వందల మంది ఏ ఊరు పోవాలని అడిగాడు. ఎనిమిదేళ్ళు నేను నీళ్ళు నీళ్ళు అని తిరిగితే తను ఏనాడూ అడ్డు చెప్పలేదని, ఇప్పుడు మాత్రం ఒకసారి ఆలోచించమని అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అన్నం తినకుండానే డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం రెండో కొలుమి మేస్త్రీ ఓబులేసన్న దగ్గర కూర్చున్నాను. ముప్పైఏళ్ళుగా మంట ముందు పనిచేస్తున్న మనిషి. మడుగు మట్టి కొంచెం అరచేతిలో వేస్తే వేళ్ళతో నలిపి చూశాడు. ఇందులో సగం ఇసుకే అన్నాడు. దీనికి గాజు పొడి కలిపి కరిగిస్తే ముద్దవుతుందట. సీసం ఒకసారి గాజులో కరిగి కలిసిపోతే మళ్ళీ బయటికి రాదట. పాతకాలంలో కావాలనే సీసం వేసి గాజు చేసేవారని చెప్పాడు.

అయితే మట్టిని మన కొలుమిలోనే వేయొచ్చా అని అడిగాను.

"వేయొచ్చు. కానీ ఆ కొలుమి ఇంక తెల్ల గాజు పోయదమ్మా. ఇటుకలకు పట్టేస్తాది. దాన్ని మట్టికే రాసిచ్చినట్టు."

అది ఆయన తొమ్మిదేళ్ళుగా ఒక్క గంట కూడా ఆరనివ్వకుండా కాపాడిన కొలుమి.

నమోదు 3,217. ఏప్రిల్ 22

నాలుగో రోజు. మేడం దగ్గరినుంచి కబురు లేదు.

పొద్దున ఏడున్నరకు గాలి లేచింది. ప్లాంటు పైకప్పు ఎక్కి చూశాను. మడుగు మీదినుంచి బూడిదరంగు తెర ఒకటి లేచి, దిగువవంక ఇళ్ళ మీదుగా మా వైపు జరుగుతోంది. ఊరు కనిపించలేదు.

కిందికి దిగి కాగితం మీది ఐదు నమోదులూ పుస్తకంలో ఎక్కించాను. ఎక్కించాక గొట్టం దగ్గరికి పోయి వాల్వు చక్రం తిప్పాను. వెనక తొట్టెలో రెండు లక్షల లీటర్ల శుభ్రమైన నీళ్ళు ఉన్నాయి. అన్నీ వదిలాను.

పావుగంటలో తిలోత్తమ మేడం వచ్చారు. పుస్తకం ఆమె కూడా చూసి ఉంటారు. నన్ను పక్కకు జరగమంటారని చక్రం పట్టుకునే నిలబడ్డాను. ఆమె నీళ్ళు కాలువలోకి పోవడం చూశారు. మడుగు చేరడానికి ఎంతసేపని అడిగారు. ఎండిన కాలువ ముందు తను తాగుతుంది కాబట్టి మూడు గంటలు పట్టొచ్చన్నాను.

"ట్యాంకర్లు పంపుదాం," అన్నారు. "ఊరి పక్క ముందు తడవాలి."

ఫోను తీసి రవాణా విభాగానికి ఆమే చెప్పారు. ఐదు ట్యాంకర్లు వెళ్ళాయి. ఆ నాలుగు రోజులు పైవాళ్ళు ఏమన్నారని నేను అడగలేదు. వెళ్ళబోతూ ఆమే చెప్పారు, వాళ్ళు ఏమీ అనలేదట, ఏమీ అనకపోవడమే వాళ్ళ జవాబట.

బయటికి పోయిన నీళ్ళు, ట్యాంకర్లతో కలిపి: రెండు లక్షల పద్నాలుగు వేల లీటర్లు.

నమోదు 3,227. మే 2

అధికారి వచ్చాడు. మడుగు చూశాడు, మట్టి పరీక్ష తనే మళ్ళీ చేసుకున్నాడు. కొలతలన్నీ సరిపోయాయి. క్యాంటీన్ హాల్లో విచారణ. మా వాళ్ళు మూడొందల మంది దాకా, దిగువవంక నుంచి నలభై మంది.

అధికారి మర్యాదస్తుడే. తన చేతిలో ఉన్న పత్రం తిప్పి చూపించాడు. గొట్టం నీరు, పొగ, వేడి, చెత్త, వీటికి గడులున్నాయి, ఫ్యాక్టరీ బయట పడివున్న పాత మట్టికి గడి లేదన్నాడు. మడుగు వేరే శాఖ కిందికి వస్తుందని, వాళ్ళకు రాస్తానని అన్నాడు.

తిలోత్తమ మేడం లేచారు.

"గడి లేకపోతే గీయండి. ఆ మట్టి మాది. మేము వేసిందే."

నా ద్వారా తెలుసుకున్న ఓబులేసన్న పద్ధతినే ఆమె వివరించారు. రెండో కొలుమిని మట్టికి ఇచ్చేస్తామని, ఒక్క కొలుమితో గాజు పోస్తామని, మట్టి తీసేంతవరకు మడుగును తడిగా ఉంచడానికి నీళ్ళు వదులుతామని చెప్పారు. ఇవన్నీ పైవాళ్ళ అనుమతి లేకుండా చెబుతున్నారని ఆమె గొంతులోనే తెలిసింది.

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. అప్పుడు చౌడప్ప లేచి, మట్టి తీసినాక మడుగుకు నీళ్ళు ఉంటాయా ఉండవా అని అడిగాడు. అది తర్వాత చూద్దామని అధికారి అన్నాడు. తర్వాత కాదు, ఇప్పుడే రాయమన్నాడు చౌడప్ప. రోజుకు తొంభై వేల లీటర్లు అని కాగితంలో రాసి సంతకాలు పడేదాకా ఆయన నిలబడే ఉన్నాడు, కుర్చీ వేసినా కూర్చోలేదు.

పత్రం వచ్చింది. గాజు పోయడానికి ఒక కొలుమికే, అదీ తాత్కాలికంగా; రెండోది మట్టికి మాత్రమే. మా బరువు సున్నా అని ఉండాల్సిన చోట, సీసం కలిసిన మట్టి పద్దెనిమిది వేల టన్నులు అని చేత్తో రాసి ఉంది. జిల్లాలో అన్నిటికంటే బరువైన ఫ్యాక్టరీ ఇప్పుడు మాది.

నమోదు 3,305. జూలై 19

రెండో కొలుమివాళ్ళలో రెండు వందల పది మంది వేరే ఊళ్ళకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు కొందరు నాతో మాట్లాడారు, కొందరు మాట్లాడలేదు. మా పక్కింటి కుటుంబం మాట్లాడకుండా వెళ్ళినవాళ్ళలో ఉంది.

మిగిలినవాళ్ళు మడుగు తవ్వకంలో ఉన్నారు. దస్తగిరి కూడా. మట్టి తడిగా ఉండగానే తీయాలి, తడిగానే మూసిన బండ్లలో తేవాలి. ఒళ్ళంతా కప్పే దుస్తులు, ముఖానికి ముసుగు. పొద్దున నాలుగు గంటలు, ఎండ తగ్గాక రెండు గంటలు. సాయంత్రం స్నానం చేసి వచ్చి ఆయన నాతో చెప్పే మొదటి మాట ఈరోజు ఎన్ని టన్నులో. ఏప్రిల్ సంగతి మేం మళ్ళీ ఎత్తలేదు.

మేడాన్ని పైవాళ్ళు రెండుసార్లు పిలిపించారు. రెండుసార్లూ తిరిగి వచ్చారు. మూడోసారి ఏమవుతుందో తెలియదన్నారు.

నమోదు 3,374. సెప్టెంబరు 26

మట్టి గాజు మొదటి పోత పోసి ఐదు రోజులైంది. అంతకుముందు నాలుగు ప్రయత్నాలు పాడయ్యాయి. ఒకటి నురగై పొంగింది, మూడు చల్లారుతూ పగిలాయి. ఐదోది నిలిచింది. మూరెడు పొడవు దిమ్మె, చింతపండు రంగు, వెలుతురు దాటదు. ఓబులేసన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, తను పోసినవాటిలో ఇంత వికారమైనది లేదన్నాడు. అయినా సాయంత్రం దాకా దాని దగ్గరనుంచి కదల్లేదు.

ఒక ముక్క కొట్టి ఆమ్లం కలిపిన నీళ్ళలో మూడు రోజులు నానబెట్టాను. నీళ్ళలో సీసం లేదు. నాలుగోరోజు మళ్ళీ చూశాను, లేదు.

రోజుకు పన్నెండు టన్నుల మట్టి లెక్కన నాలుగేళ్ళ పైచిలుకు పని. అచ్చుల్లో వచ్చిన దిమ్మెలను సరుకు దింపే ఆవరణలో పరుస్తున్నాం.

నమోదు 3,423. నవంబరు 14

బయటికి పోయినవి తొంభై వేల ఆరు వందల లీటర్లు. తవ్వకం అయిపోయిన మూలన చౌడప్ప వాళ్ళు కొత్త జమ్ము దుంపలు నాటారు.

ఎస్తేరు పిల్లల రక్తం మళ్ళీ చూసింది. ఇద్దరికి ఐదు లోపు. సుంకులుకు పద్దెనిమిది. తగ్గింది, కానీ ఇంకా చాలా ఉంది. మందు ఆపకూడదని డాక్టరు చెప్పాడట. పాప అక్షరాలు మరిచిపోతోందని టీచరు అంటోంది. అది సీసం వల్లనో కాదో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చింది. తన పేరు కొండబాబు అన్నాడు. సముద్రం పక్క ఒక బ్యాటరీ ఫ్యాక్టరీలో నీటి పుస్తకం రాస్తాడట. నా నమోదులు మొదటినుంచి చదివాడట. వాళ్ళ గోడ వెనక కూడా ఒక పాత గుంట ఉందట, అరవై ఏళ్ళది. దాని మీద ఇప్పుడు ఆటస్థలం ఉందట. నిన్న తవ్వి చూశాడట, అందులోనూ సీసమేనట.

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదక్కా అన్నాడు. గంట నుంచి పుస్తకం ముందు కూర్చున్నానని, మొదటి వాక్యమే రావడం లేదని చెప్పాడు.

ముందు ఎక్కడ నిలబడి ఏం చూశావో అది రాయమన్నాను. ఎవరు కనబడితే వాళ్ళను రాయి, అంకెలు ఆ తర్వాత అన్నాను. ఎవరి అనుమతికీ ఆగొద్దని, నేను నాలుగు రోజులు ఆగానని కూడా చెప్పాను.

"మీ కొలుములు ఆగిపోయినాయా అక్కా?"

ఒకటి మట్టికి పోయిందన్నాను. ఊరు విడిచిన మనుషులెందరని అడిగాడు. రెండు వందల పది మంది అన్నాను. వాళ్ళెక్కడున్నారో తెలుసా అని అడిగాడు. కొందరి సంగతి తెలుసన్నాను.

అటువైపు కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. ఫోన్ పెట్టేయవద్దని, అది ఎక్కించేదాకా లైనులోనే ఉండమని అడిగాడు. ఉన్నాను. అతను ఒక్కో మాటా పైకి చదువుకుంటూ రాస్తున్నాడు. ఆటస్థలం. ఉదయం ఏడు గంటలు. తొమ్మిది మంది పిల్లలు.